టైలు కొనేముందు దాని కింద ఏముందో చూడండి: న్యూజెర్సీలో 1958 నాటి ఇంటికి ఫ్లోర్ టైల్స్

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. న్యూజెర్సీలో 1958లో కట్టిన స్ప్లిట్ లెవెల్ ఇల్లు, అంటే కొన్ని మెట్ల తేడాతో సగం సగం అంతస్తులుగా ఉండే ఇల్లు కొన్నారు. వంటగది, గుమ్మం దగ్గరి జాగా, మధ్యలో నడవా కలిపి 288 చదరపు అడుగులు టైల్స్ వేయించాలి. మీ ఆవిడకు నచ్చింది తెల్ల మార్బుల్‌లా మెరిసే 24 బై 48 అంగుళాల టైలు. ఇల్లు చూసిన కాంట్రాక్టర్ పాత ఫ్లోర్ మీదే అతికించేస్తానన్నాడు. జూన్‌లో మీ అమ్మానాన్నలు వస్తున్నారు కాబట్టి ఆలోగా పని అయిపోవాలి. ఏ టైలు, ఎంత, ఎక్కడ కొనాలి అని మీ ప్రశ్న.

మాది తాడిపత్రి. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల మధ్య పెరిగాను. ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ రాష్ట్రంలోనే టైల్స్ అమ్ముతూ, వేయిస్తూ ఉన్నాను. అందుకని మీరు అడిగిన వరుసను కొంచెం మార్చి చెప్తాను. టైలు సంగతి చివరికి వస్తుంది. ముందు నేల సంగతి తేలాలి.

మన ఊళ్ళలో ఇంటి నేల అంటే కాంక్రీటు శ్లాబు. మేస్త్రీ దాని మీద ఇసుక, సిమెంటు మాలు పరిచి, దారం కట్టి, రసమట్టం పెట్టి టైలు కూర్చోబెడతాడు. ఎగుడుదిగుళ్ళన్నీ ఆ మాలులోనే సర్దుకుంటాయి, శ్లాబు కదలదు. మీ వంటగది నేల అలాంటిది కాదు. బహుశా కింద చెక్క దూలాలు, వాటి మీద అడ్డంగానో ఏటవాలుగానో కొట్టిన పలకలు, ఆపైన ప్లైవుడ్ ఉంటాయి. మనిషి నడిస్తే అది కాస్త వంగుతుంది. చలికాలంలో హీటర్ వేడికి చెక్క ఎండి ముడుచుకుంటుంది, ఎండాకాలపు తేమకు ఉబ్బుతుంది. టైలు వంగదు, ముడుచుకోదు. అందుకే చెక్క నేల మీద టైలు పగిలితే తప్పు చాలాసార్లు టైలుది కాదు.

మేం ఇల్లు కొన్న కొత్తలో నాకూ ఇదే జరిగింది. వేసినవాడు పలకల మీద నేరుగా సన్నటి బోర్డు కొట్టి టైల్స్ అతికించి వెళ్ళిపోయాడు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. మొదటి చలికాలం గడిచేసరికి సింకు ముందు గ్రౌట్‌లో, అంటే టైల్స్ మధ్య సందు నింపే పదార్థంలో, వెంట్రుకంత చీలిక కనిపించింది. మార్చి నాటికి అది తిన్నగా గీత గీసినట్టు నాలుగు టైల్స్ దాటి పోయింది. బేస్‌మెంట్‌లోకి దిగి చూస్తే ఆ చీలికకు సరిగ్గా కింద రెండు పలకలు కలిసే చోటు ఉంది. మొత్తం పీకించి మళ్ళీ వేయించుకున్నాం. టైల్స్ డబ్బు పోయినందుకు కన్నా, ఆ రెండు వారాలు చంటిపిల్లతో వంటగది లేకుండా గడిపినందుకు ఎక్కువ బాధపడ్డాం.

కాబట్టి ఈ వారాంతంలో ఒక పని చేయండి. వంటగది నేలలో వేడి గాలి వచ్చే వెంట్ ఉంటే దాని జాలీ పైకి ఎత్తండి, ఊరికే వస్తుంది. టార్చి వేసి ఆ కంత అంచు చూడండి. ఇంటి చరిత్ర మొత్తం మడత కాజా పొరల్లా అక్కడ కనిపిస్తుంది. పైన ఇప్పటి వినైల్ షీటు, దాని కింద పల్చటి ప్లైవుడ్, దాని కింద ఇంకో పాత ఫ్లోరు, దాని కింద తారులాంటి నల్ల గమ్ము, అన్నిటికీ అడుగున పలకలు. మొత్తం మందం స్కేలుతో కొలిచి రాసుకోండి. చూడటం వరకే, ఏదీ గీకొద్దు, పీకొద్దు.

ఎందుకు వద్దంటున్నానంటే, ఆ కాలపు ఇళ్ళలో 9 బై 9 అంగుళాల ముదురు రంగు టైల్స్ కనిపిస్తే అందులో ఆస్‌బెస్టాస్ (రాతినార) ఉండే అవకాశం చాలా ఎక్కువ. దాని కింది నల్ల గమ్ములోనూ ఉండొచ్చు. 12 అంగుళాల పాత వినైల్ టైల్స్‌లోనూ, కొన్ని పాత షీట్ల వెనక అట్టలోనూ ఉండొచ్చు. కంటితో చూసి ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. టైలుకీ గమ్ముకీ విడివిడిగా నమూనాలు ఇవ్వాలి, అవి మీరు కాదు, ఆ పని తెలిసినవాళ్ళే తీయాలి. ఇంటి మొత్తం ఖర్చులో ఆ ఫీజు లెక్కలోకి రాదు. కదపకుండా ఉన్నంతవరకు ఆ టైల్స్ వల్ల పెద్ద ప్రమాదం లేదు. విరగ్గొట్టినా, రంపంతో కోసినా, శాండింగ్ మిషన్ పెట్టినా ఆ పోగులు గాలిలో కలుస్తాయి. ఊపిరితిత్తుల్లోకి పోయాక బయటికి రావు, రోగం పదుల ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. పరీక్షలో ఉందని తేలితే, లైసెన్స్ ఉన్నవాళ్ళ చేత తీయించడమా, కదపకుండా పైన కప్పడమా అన్నది వాళ్ళు వచ్చి చూశాకే నిర్ణయించండి. "నేను మాస్కు పెట్టుకుని పీకేస్తాను" అనే కాంట్రాక్టర్‌ని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అలాగే 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి గోడ కింద బేస్‌బోర్డుల రంగులో సీసం ఉండొచ్చు. అవి తీసేవాళ్ళకి లెడ్ పనికి సర్టిఫికెట్ ఉందా అని అడగండి. ఇంట్లో పిల్లలు ఉంటే ఈ రెండు విషయాల్లో అస్సలు రాజీ పడొద్దు.

తర్వాత బేస్‌మెంట్‌లోకి గానీ, ఇంటి కింది ఖాళీ జాగాలోకి గానీ దిగి దూలాలు కొలవండి. దూలం ఎత్తు ఎంత, మందం ఎంత, ఒకదానికొకటి ఎంత దూరం, కింద ఆధారం లేకుండా ఎన్ని అడుగులు సాగింది. ఈ నాలుగు అంకెలు ఉంటే నేల ఎంత వంగుతుందో లెక్క కట్టొచ్చు. ఇక్కడి పద్ధతి ప్రకారం మామూలు టైలుకి దూలం పొడవులో 360వ వంతు కన్నా ఎక్కువ వంగకూడదు. అంటే 12 అడుగుల దూలం అయితే 0.4 అంగుళం. అదే నిజమైన మార్బుల్, గ్రానైట్ లాంటి రాయి అయితే 720వ వంతు, అంటే 0.2 అంగుళం. మన ఇళ్ళలో రాయి వేస్తాం కదా, ఇక్కడ కూడా మార్బులే వేద్దాం అనుకునేవాళ్ళు నా దగ్గరికి నెలకొకరు వస్తారు. వాళ్ళకి చెప్పేది ఇదే: రాయి వేయొచ్చు, కానీ దాని కింది చెక్క రెట్టింపు గట్టిగా ఉండాలి. పాత ఇంట్లో అది ఊరికే కుదరదు. మార్బుల్ డిజైన్ ఉన్న పోర్సెలిన్ మీ ఇంటికి సరైనది. మన దగ్గర విట్రిఫైడ్ అనేదాన్నే ఇక్కడ పోర్సెలిన్ అంటారు. నీటిని తన బరువులో 0.5 శాతానికి మించి పీల్చదు.

ఇప్పుడు మీ కాంట్రాక్టర్ మాట. పాత ఫ్లోర్ మీదే వేస్తే వచ్చే చిక్కు ఆస్‌బెస్టాస్ ఒక్కటే కాదు, ఎత్తు కూడా. టైలు, దాని కింద గమ్ము, పగుళ్ళు పైకి రాకుండా వేసే మెంబ్రేన్, అన్నీ కలిపి ముప్పావు అంగుళం దాకా పెరుగుతుంది. ఇంకో ప్లైవుడ్ వేస్తే అంగుళం దాటుతుంది. వంటగదిలో దీనికి మొదట దొరికిపోయేది డిష్‌వాషర్. దాని ముందు వరకు టైల్స్ వేసేస్తే కౌంటర్‌కీ నేలకీ మధ్య అది ఇరుక్కుపోతుంది. పాడైన రోజున బయటికి లాగాలంటే టైల్స్ పగలగొట్టాలి, లేదా పైన గ్రానైట్ ఎత్తాలి. అందుకే టైల్స్ వేసేటప్పుడు దాన్ని బయటికి తీయించి, దాని కింద కూడా వేయించండి. పెరిగిన ఎత్తుకి మళ్ళీ లోపల పడుతుందో లేదో ముందే కొలవండి. పైన క్యాబినెట్ ఉంటే ఫ్రిజ్‌కీ ఇదే లెక్క.

స్ప్లిట్ లెవెల్ ఇంట్లో అంతకన్నా ముఖ్యమైనది మెట్లు. మీ వంటగది లెవెల్ నుంచి ఆరు మెట్లు పైకి, ఆరు మెట్లు కిందికి ఉండి ఉంటాయి. నేల ముప్పావు అంగుళం పెరిగితే కింది నుంచి వచ్చే చివరి మెట్టు అంత ఎత్తవుతుంది, పైకి వెళ్ళే మొదటి మెట్టు అంత తగ్గుతుంది. ఒకే మెట్ల వరుసలో ఏ రెండు మెట్ల ఎత్తుకీ 3/8 అంగుళం కన్నా తేడా ఉండకూడదని ఇక్కడి నిర్మాణ నియమం. మెట్లెక్కేటప్పుడు మనం కిందికి చూడం, కాలే లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క తప్పితే వయసు మళ్ళినవాళ్ళు పడతారు. మీ ఇంటికి వచ్చేది మీ అమ్మగారు, నాన్నగారు. అందుకే నా సలహా, పరీక్షలో ఆస్‌బెస్టాస్ లేదని తేలితే పాత పొరలన్నీ పలకల దాకా తీయించండి. పలకల మీద మంచి ఎక్స్‌టీరియర్ గ్రేడ్ ప్లైవుడ్ వేసి స్క్రూలు బిగించి, దాని మీద మెంబ్రేన్, దాని మీద టైలు. పాత పొరలు పోవడం వల్ల ఎత్తు దాదాపు సమానంగా వస్తుంది. గుమ్మం దగ్గరి జాగా కింది లెవెల్‌లో ఉంటే అక్కడ కాంక్రీటే ఉండొచ్చు. అప్పుడు దాని పని వేరు, ఖర్చూ తక్కువ. కొటేషన్‌లో ఈ రెండూ విడివిడిగా రాయించుకోండి.

నేల చదును కూడా చూడాలి. తిన్నగా ఉన్న 10 అడుగుల కర్రనో అల్యూమినియం పట్టీనో నేల మీద పెట్టి, కింద సందు ఉన్న చోట రెండు క్వార్టర్ (25 సెంట్ల) నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టి దూర్చండి. దూరాయంటే ఆ పల్లం 1/8 అంగుళం దాటిందని అర్థం. ఒక పక్క 15 అంగుళాలో, అంతకు మించో ఉన్న టైలుకి 10 అడుగుల్లో 1/8 అంగుళమే హద్దు. అరవై ఏళ్ళు దాటిన ఇల్లు, మధ్యలో కుంగి ఉంటుంది, కంగారు పడొద్దు. నేలను సరిచేయడానికి, పోస్తే తనంతట తానే చదునుగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ సిమెంటు ఉంటుంది. కానీ ఆ ఖర్చు మీ కొటేషన్‌లో ఉందో లేదో చూడండి. నేను చూసిన కొటేషన్లలో ఎక్కువ శాతం ఆ ఊసే ఎత్తవు.

ఇక టైలు. మీ ఆవిడకి నచ్చిన 24 బై 48 టైలు షోరూంలో ఎంత బాగుంటుందో నాకు తెలుసు. అక్కడ నేల చదునుగా ఉంటుంది, గది పెద్దది. మీ వంటగదిలో క్యాబినెట్లు పోను ఖాళీగా కనిపించేది నడిచే బాట మాత్రమే. అందులో ముక్కలు కాని టైల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా అంత పొడుగు టైలుకి నేల అద్దంలా చదునుగా ఉండాలి, వేయడానికి ఇద్దరు కావాలి, కోతలో వృథా ఎక్కువ. 12 బై 24 అయితే ఆ గదికి నిండుగా ఉంటుంది. అదే మార్బుల్ డిజైన్ ఆ సైజులోనూ దొరుకుతుంది.

మెరుపు మాత్రం వద్దని గట్టిగా చెప్తున్నాను. మన ఇంట్లో చెప్పులు బయటే వదిలేస్తాం. సింకు దగ్గర నీళ్ళు చిందుతాయి, పోపులో నూనె చిట్లుతుంది, దాని మీద సాక్సులతో నడుస్తాం. గుమ్మం దగ్గరేమో బూట్ల మంచు కరిగి మడుగు కడుతుంది. టైలు వివరాల కాగితంలో తడి జారుడుకి సంబంధించి డీసీఓఎఫ్ అనే అంకె ఉంటుంది. తడిసే అవకాశం ఉన్న ఇంటి లోపలి నేలకి అది 0.42 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. పాలిష్ టైల్స్ చాలావరకు ఆ అంకె అందుకోవు. మ్యాట్ తీసుకోండి. మరీ గరుకుది కూడా వద్దు, మాపు పీచు ఇరుక్కుని జిడ్డు వదలదు. గ్లేజ్, అంటే పైన గాజులాంటి పూత, ఉన్న టైలు అయితే అరుగుదలకి పీఈఐ అని 1 నుంచి 5 దాకా గ్రేడు ఉంటుంది. వంటగదికి, గుమ్మానికి 4 చూసుకోండి. రంగు విషయంలో అచ్చ తెలుపూ వద్దు, నలుపూ వద్దు. తెలుపు మీద వెంట్రుక కూడా కనిపిస్తుంది. నలుపు మీద చలికాలంలో రోడ్డు ఉప్పు ఆరి తెల్లటి మరకలు పడతాయి. లేత బూడిద, ఇసుక రంగు, సన్నటి గీతలు ఉన్న డిజైన్ అయితే ఇవన్నీ కలిసిపోతాయి.

మూడు నమూనాలు ఇంటికి తెచ్చుకోండి. గోడకి ఆనించి కాదు, నేల మీద పడుకోబెట్టి, పొద్దున ఒకసారి, రాత్రి లైట్లు వేశాక ఒకసారి చూడండి. తడి చేసి సాక్సులతో మీరే నిలబడండి. తర్వాత చెంచా నూనెలో పసుపు కలిపి ఒక మూల వేసి తెల్లారేదాకా వదిలేయండి. మంచి పోర్సెలిన్ మీద మరక నిలవదు, తుడిస్తే పోతుంది. అదే పరీక్ష గ్రౌట్ ముక్క మీద చేస్తే సిమెంటు గ్రౌట్ పసుపు పీల్చేస్తుంది. అందుకే స్టవ్వు, సింకు దగ్గర సిమెంటు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ వేయించమంటాను. ధర ఎక్కువ, వేయడం కష్టం, కానీ మన వంటకి అదే తట్టుకుంటుంది. రంగు టైలు కన్నా ఒక మెట్టు ముదురుగా తీసుకోండి.

కొనేటప్పుడు లెక్క ఇలా వేయండి. 288 చదరపు అడుగులకి 12 శాతం కలిపితే దాదాపు 323. బాక్సుకి 15.5 చదరపు అడుగులు వస్తే 21 బాక్సులు. నడవా సన్నం, మెట్ల దగ్గర కోతలు ఉంటాయి, కాబట్టి 22 తీసుకోండి. చదరపు అడుగు 4 డాలర్లనుకుంటే 341 అడుగులకి 1,364 డాలర్లు. న్యూజెర్సీ పన్ను 6.625 శాతం కలిపితే 1,454 అవుతుంది. ఈ రాష్ట్రంలో ఫ్లోరింగ్ వేసే కూలీ మీద కూడా పన్ను పడుతుందని గుర్తుపెట్టుకోండి. టైలు మీద అడుక్కి డాలరు మిగుల్చుకోవాలని నాలుగు ఊళ్ళు తిరుగుతారు చాలామంది. అలా మిగిలేది మూడు నాలుగు వందలు. ప్లైవుడ్, మెంబ్రేన్, లెవెలింగ్ మాత్రం అడగరు. డబ్బు పెట్టాల్సింది అక్కడే.

హోమ్ డిపో, ఫ్లోర్ అండ్ డెకర్ లాంటి పెద్ద స్టోర్లలో కొన్నా, చిన్న టైల్ షాపులో కొన్నా ఫరవాలేదు. మొత్తం ఒకేసారి, ఒకే లాట్‌లో, అంటే ఫ్యాక్టరీలో ఒకే విడతలో తయారైనవి కొనండి. బాక్సు పక్కన లాట్ నంబరు, షేడ్ అచ్చు వేసి ఉంటాయి. 22 బాక్సులకీ అవే ఉన్నాయా అని షాపులోనే ఒక్కొక్కటీ చూడండి. ఒకే పేరు, ఒకే మోడల్ అయినా లాట్ మారితే రంగు మారుతుంది, ఒక్కోసారి సైజూ వెంట్రుక వాసిలో మారుతుంది. తర్వాత రెండు మూడు బాక్సులు తెరిచి, రెండు టైల్స్ ముఖానికి ముఖం ఆనించి పట్టుకుని అంచులో సందు చూడండి. నడుమ ఆని చివర్లు విడిపోతే, లేదా చివర్లు ఆని నడుమ విడిపోతే టైలు వంకర ఉన్నట్టు. కొంచెం వంపు అన్ని పొడుగు టైల్స్‌లో ఉంటుంది. అందుకే వాటిని ఇటుకల్లా సగానికి సగం జరిపి వేయకూడదు, మూడో వంతుకి మించి జరపకూడదు. సగానికి జరిపితే ఒక టైలు నడుమ పక్కన ఇంకో టైలు చివర వచ్చి అంచులు కాలికి తగులుతాయి.

గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన మన దేశపు టైలా, స్పెయిన్ టైలా, ఇటలీ టైలా అని కూడా అడిగారు. మోర్బీ టైల్స్‌లో చాలా మంచివి నేనే అమ్మాను, ఖరీదైన దేశాల నుంచి వంకర టైల్స్ రావడమూ చూశాను. దేశం కన్నా పైన చెప్పిన పరీక్షలు నమ్మండి. ఇండియా నుంచి మీరే తెప్పించుకోవాలనే ఆలోచన ఉంటే మానుకోండి. ఒక్కో బాక్సు 60, 70 పౌండ్లు ఉంటుంది. దారిలో పగిలినవి పోను రెండు బాక్సులు తక్కువ పడితే పని అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ కొన్నా డెలివరీ గేటు దగ్గర దింపడమా, ఇంట్లో పెట్టడమా అని ముందే అడగండి.

జూన్ అంటే టైముంది కానీ, స్పెషల్ ఆర్డర్ టైలు జోలికి వెళ్ళకండి. స్టాకులో ఉన్నదే తీసుకోండి. చలికాలంలో టైలు కాలికి చల్లగా జివ్వుమంటుంది. కింద ఎలక్ట్రిక్ హీటింగ్ మ్యాట్ వేయాలనుంటే ఇప్పుడే నిర్ణయించుకోవాలి, టైలు పడ్డాక వేయలేరు. చదరపు అడుక్కి సుమారు 12 వాట్లు లాగుతుంది. పాత ఇంటి కరెంటు ప్యానెల్‌లో చోటు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

కాంట్రాక్టర్‌తో 500 డాలర్లు దాటిన పనికి న్యూజెర్సీలో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో ఏ ప్లైవుడ్, ఏ మెంబ్రేన్, ఏ థిన్‌సెట్ (టైలు అతికించే సిమెంటు గమ్ము) అన్నది పేర్లతో రాయించండి. గోడల చుట్టూ పావు అంగుళం ఖాళీ వదలాలని, అందులో గ్రౌట్ నింపకూడదని కూడా రాయించండి. చెక్క ఉబ్బితే జరగడానికి ఆ చోటు కావాలి, బేస్‌బోర్డు దాన్ని కప్పేస్తుంది. పని మొదలైన రోజు ఇంట్లోనే ఉండండి. మొదట అతికించిన రెండు టైల్స్‌లో ఒకటి ఎత్తి వెనక చూపించమనండి. వెనక భాగంలో కనీసం 80 శాతం గమ్ము అంటి ఉండాలి. మన దగ్గర కొందరు మేస్త్రీలు పెట్టినట్టు నాలుగు మూలల్లో, మధ్యలో ముద్దలు పెట్టి అతికిస్తే పని ఆపించేయండి. ఆ ఖాళీల మీద కుక్కర్ పడిందంటే టైలు పగులుతుంది.

పని అయ్యాక, అమ్మగారు వచ్చిన మొదటి రోజే ఒక మాట చెప్పండి, నీళ్ళు పోసి కడగొద్దని. అక్కడ నీళ్ళు పోవడానికి తూము లేదు. అంచుల నుంచి దిగి కింది చెక్క నాని కుళ్ళుతుంది. తడిబట్టతో తుడిస్తే చాలు. మిగిలిన బాక్సుల్ని లాట్ నంబరు కనిపించేలా బేస్‌మెంట్‌లో దాచుకోండి.

ముందు ఆ వెంట్ జాలీ ఎత్తి, లోపలి అంచు ఫోటో, దూలాల నాలుగు కొలతలు నాకు పంపండి. అవి చూశాక ప్లైవుడ్ ఎంత మందం వేయాలో చెప్తాను.